కిలో లోపు పిల్లలు

ఫోను పక్కింటి రాముకి వచ్చింది. గిలకలదిండిలో ఆ వీధి మొత్తానికి సెల్‌ఫోను ఉన్నది అతనొక్కడికే. బందరు మార్కెట్లో చేపలమ్మి అప్పుడే ఖాళీ తట్ట దించుకున్న అంకమ్మ, "పిన్నీ, నీకే! గుడివాడ నుంచి!" అన్న కేక విని ఉన్నపళంగా పరుగెత్తింది. ఆమె ఫోనుని చెవికి ఎంత గట్టిగా ఆనించుకుందంటే, తర్వాత రాము దాన్ని లుంగీకేసి రుద్ది రుద్ది తుడుచుకున్నా చేపల వాసన పోలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆమె కాళ్ళు నేల మీద లేవు.

"దివ్యా! ఒసేయ్ దివ్యా! మన పిల్లల డాక్టరుగారే, పూర్ణచంద్రరావుగారు! నిన్ను చూడాలంటున్నారంట! ఆయన బతికించిన చిన్న చిన్న పిల్లలందర్నీ పిలుస్తున్నారంట, రెండో శనివారం! మార్కెట్లో వాకబు చేసి మరీ నంబరు పట్టుకున్నారంట!"

పదహారేళ్ళ దివ్యశ్రీ వసారాలో కూర్చుని ఇంటరు రెండో సంవత్సరం లెక్కలు చేసుకుంటోంది. తల్లి ముఖంలో వెలుగు చూసి తనూ నవ్వబోయింది. అంతలోనే "అందర్నీ" అన్న మాట వినపడి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

తొంభై మే నెల తుఫాను బందరు మీద పడ్డప్పుడు ఆమె ఇంకా తల్లి కడుపులో ఉంది. ఏడో నెల. సముద్రం ఒడ్డు ఊళ్ళ జనాన్ని తెచ్చి బందరు స్కూళ్ళలో పెట్టారు. ఆ గాలి హోరులో, ఒక బడిగదిలో బల్లల మధ్య అంకమ్మకి నొప్పులొచ్చాయి. పుట్టిన పిల్ల కిలో కూడా లేదు. పురుడు పోసిన ముసలమ్మ ఆ పిల్లని అరచేతిలో పెట్టుకుని చూసి పెదవి విరిచింది. తండ్రి బంగార్రాజు మాత్రం గాలి తగ్గీ తగ్గకముందే, ఒక ఐసు లారీ డ్రైవరు కాళ్ళావేళ్ళా పడి, దారికడ్డంగా కూలిన చెట్లు తప్పించుకుంటూ తల్లీపిల్లల్ని గుడివాడ చేర్చాడు. అక్కడ పూర్ణచంద్రరావుగారు ఆ పిల్లని బల్బుల వెచ్చదనంలో ఉంచి, సన్నటి గొట్టంతో తల్లిపాలు పట్టించి, కాలవలకి నీళ్ళొదిలి నాట్లు మొదలయ్యేదాకా దగ్గరుంచుకుని పంపారు.

ఈ కథ అంకమ్మ చెప్పని చుట్టం లేడు. విన్నవాళ్ళంతా దివ్యశ్రీ తల నిమిరి "అదృష్టవంతురాలివి" అనేవాళ్ళు. ఇంటికొచ్చిన తర్వాత సంగతి మాత్రం ఎవరూ చెప్పుకునేవాళ్ళు కాదు.

దివ్యశ్రీకి సముద్రమంటే భయం లేదు. తండ్రితో పడవెక్కి ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళొచ్చింది. పామన్నా, పిడుగన్నా భయం లేదు. భయమల్లా మనుషులంటేనే. నలుగురు తనవైపు తిరిగి చూస్తే చాలు, గుండె డప్పులా మోగేది, అరచేతులు చల్లబడేవి, గొంతుని ఎవరో లోపల్నుంచి మూసేసినట్టుండేది. కాలేజీలో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మేడమ్" అన్న మాట నోటిదాకా వచ్చి నిలిచిపోయేది. వచ్చిన రోజు కూడా రానట్టే పడేది. పరీక్ష కాగితం మీద లెక్కల్లో ఆమెదే మొదటి ర్యాంకు. బోర్డు దగ్గరికి పిలిస్తే చేతిలో చాక్‌పీసు విరిగిపోయేది. బస్సులో కండక్టరుకి ఊరి పేరు చెప్పలేక ఎండలో నడిచొచ్చిన రోజులున్నాయి.

మేనత్తలు దాన్ని సిగ్గన్నారు. క్లాసు పిల్లలు పొగరన్నారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. "మా పిల్ల మెత్తన" అని సరిపెట్టుకునేవాడు బంగార్రాజు. దాన్ని ఏమనాలో దివ్యశ్రీకే తెలీదు.

"నేను రానమ్మా," అంది.

"నోర్ముయ్. ఆ డాక్టరుబాబుకి మొహం చూపించకపోతే ఎట్టాగే? ఎంత కష్టపడి బతికించారు నిన్ను!"

దివ్యశ్రీ లెక్కల పుస్తకం మూసేసింది.

రెండో శనివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు బందరులో గుడివాడ పాసింజరెక్కారు. అంకమ్మ పెళ్ళిళ్ళకి కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఒళ్ళో మూత బిగించిన స్టీలు డబ్బా, దాన్నిండా డాక్టరుగారి కోసం వేయించిన రొయ్యలు. పెట్టెలో ఎదురుగా ఎవరు కూర్చున్నా వదల్లేదు. "మా అమ్మాయేనండీ. కిలో కూడా లేదు పుట్టినప్పుడు. ఇప్పుడు చూడండి!" పెడన నేత చీరల మూటలవాళ్ళు చూశారు. గుడ్లవల్లేరులో ఎక్కిన పాలిటెక్నిక్ పిల్లలు చూశారు. దివ్యశ్రీ కిటికీ ఊచలకి నుదురానించి, వెనక్కి పరుగెడుతున్న వరి కుప్పల్ని చూస్తూ ఒక్కటే వాక్యం లోపల్లోపల వల్లెవేసుకుంది. నమస్కారమండీ, నా పేరు దివ్యశ్రీ, ఇంటర్ సెకండియర్. నమస్కారమండీ, నా పేరు దివ్యశ్రీ...

ఆస్పత్రి మేడ మీద హాలు పెళ్ళి పందిరిలా కళకళలాడుతోంది. కాగితం తోరణాలు, రంగు బుడగలు. పాకే పిల్లల దగ్గర్నుంచి మీసాలొచ్చిన కుర్రాళ్ళ దాకా అందరూ ఒకప్పుడు ఆ ఆస్పత్రి బల్బుల కింద పడుకున్నవాళ్ళే. నెరిసిన జుట్టుతో, చేతికర్రతో పూర్ణచంద్రరావుగారు గుమ్మంలోనే నిలబడి ఒక్కొక్కర్నీ చూసి చిన్నపిల్లాడిలా సంబరపడిపోతున్నారు. అంకమ్మని చూడగానే "ఐసు లారీ!" అని అరిచారు. అంకమ్మ ఏడుస్తూ, నవ్వుతూ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆయన అక్కడే మూత తీసి ఒక రొయ్య నోట్లో వేసుకుని దివ్యశ్రీ బుగ్గ తట్టారు. అంతవరకూ బాగానే ఉంది.

ఆ తర్వాత మైకు బయల్దేరింది.

ఒక కుర్రాడు దాన్ని తీసుకుని "నేనండీ, దుర్గాప్రసాద్, కైకలూరు, కబడ్డీ ఆడతాను!" అని గర్జించాడు. చప్పట్లు. పక్కవాళ్ళకిచ్చాడు. మళ్ళీ చప్పట్లు. మైకు వరసలో కుర్చీ తర్వాత కుర్చీ దాటుకుంటూ వస్తోంది. దివ్యశ్రీ పొద్దున్నుంచీ వల్లెవేసిన వాక్యం ఒక్కో మాటా రాలిపోతూ చివరికి "నమస్కారమండీ" ఒక్కటే మిగిలింది. అదీ పోయింది. గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎప్పుడు లేచిందో, ఏ తలుపు తోసుకుందో తెలీదు. కాస్త తెలివొచ్చేసరికి వెనకవైపు మెట్ల మీద ఉంది.

అక్కడ అప్పటికే ఒక పిల్ల కూర్చునుంది. తన ఈడుదే. బక్కపల్చగా, కళ్ళజోడు పెట్టుకుని, చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని ఉలిక్కిపడ్డారు.

"మైకు నీదాకా వచ్చిందా?" అడిగింది ఆ పిల్ల.

దివ్యశ్రీ తల అడ్డంగా ఊపింది.

"నేను దాన్ని చూడగానే లేచొచ్చేశా. బాత్రూం ఎక్కడండీ అని అడిగి మరీ వచ్చా, ఎవరికీ అనుమానం రాకుండా."

దివ్యశ్రీకి నవ్వొచ్చింది. కొత్త మనిషి ముందు నవ్వు! ఆ నవ్వుకి తనే ఆశ్చర్యపోయి గోడ పట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల కూడా నవ్వింది. పేరు ప్రియాంకట. మొవ్వ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న రాజారత్నంగారు హైస్కూల్లో హిందీ మాస్టారు. ఏడో నెల నిండకముందే పుట్టింది, తనూ కిలో లోపే.

"నువ్వు చెప్పాల్సింది ముందే మనసులో చెప్పుకుంటావా?" అడిగింది ప్రియాంక, ఏదో పరీక్ష పెడుతున్నట్టు.

"చెప్పుకుంటానా! రైలెక్కిన దగ్గర్నుంచీ అదే పని!"

"నేను మాట్లాడి వచ్చాక కూడా చెప్పుకుంటా. అట్టా అన్నానేంటి, ఇట్టా అనుండాల్సింది అని. పడుకున్నాక మళ్ళీ మొదట్నుంచీ."

"నీకూ అంతేనా?"

"కొట్లో ఒకటడిగితే ఇంకోటిస్తారు చూడు..."

"మాట్లాడకుండా తెచ్చేసుకుంటా!"

"మా ఇంట్లో పెసరపప్పుకి బదులు మినప్పప్పు ఎన్నిసార్లు తిన్నామో!"

ఇద్దరూ నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. దివ్యశ్రీకి ఒళ్ళంతా ఏదో పొంగుతోంది. ఇన్నేళ్ళూ ఈ లోకంలో తనొక్కతే ఇట్టా తయారైందనుకుంది. ఇప్పుడు ఎదురుగా ఇంకో మనిషి అవే మాటలు, అదే వరసలో, తను చెప్పబోయేలోపే చెప్పేస్తోంది. ఒకరి మాట పూర్తికాకుండానే రెండోవాళ్ళు అందుకుంటున్నారు. అరచేతులు చల్లబడటం నీకూ ఉందా? ఉంది. నలుగురిలో అన్నం మింగుడు పడకపోవడం? అదీ ఉంది. గుండె ఆగిపోతుందేమోనని? అయ్యో, అది రోజూ!

"నాకు ఇంకోటుంది," అంది ప్రియాంక, గొంతు తగ్గించి. "ఇల్లు తాళం వేసి వస్తే, వేశానా లేదా అని మళ్ళీ వెనక్కెళ్ళి చూస్తా. గ్యాసు కట్టేశానా అని చూస్తా. పోయినేడు వానాకాలమైతే మంచమే దిగలేదు. ఏడుపొచ్చేది కాదు, నవ్వొచ్చేది కాదు. ఏదీ ఏమీ అనిపించేది కాదు. చర్చిలో అందరూ నాకోసం ప్రార్థన చేశారు. మా నాన్న చాలా మంచోడు. కానీ ఏమంటాడో తెలుసా? 'దేవుడు అద్భుతంగా బతికించిన బిడ్డవి, నువ్వు సంతోషంగా ఉండాలమ్మా' అంటాడు. ఉండలేకపోతే పాపం చేసినట్టుండేది నాకు."

దివ్యశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ కూడా. ఎంత కష్టపడి బతికించుకున్నామో అంటుంది. బతికించారు కదా, ఇంక దేనికి భయపడుతున్నావ్ అన్నట్టు వినపడుతుంది నాకు."

"అదే! సరిగ్గా అదే!"

"అదేంటో నాక్కూడా చెప్పండమ్మా," అంది ఒక గొంతు పైనుంచి.

కాటన్ చీర కట్టుకున్న ఒకావిడ మెట్లు దిగి వచ్చి, అక్కడే వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చుంది. డాక్టర్ సరోజ. మనసుకి సంబంధించిన డాక్టరు, వారానికొకసారి బెజవాడ నుంచి వస్తుంది. ఈ పిల్లలందర్నీ ఒకచోటికి పిలిపించమని పూర్ణచంద్రరావుగారి వెంటపడింది ఆవిడేనట.

"మైకు పంపిద్దామన్నప్పుడే నేను వద్దన్నాను," అంది నవ్వుతూ. "పెద్దాయన సంబరంలో వినలేదు. పారిపోయేవాళ్ళు ఎక్కడికెళ్తారా అని చూసుకుంటూ వచ్చాను. మీతో మాట్లాడ్డానికే వచ్చాను, మీకిష్టమైతేనే."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ముందు ప్రియాంక మొదలుపెట్టింది, తర్వాత దివ్యశ్రీ. సరోజ అడ్డుపడలేదు, ఆశ్చర్యపోలేదు. అన్నీ విన్నాక నెమ్మదిగా చెప్పింది.

"తల్లి కడుపులో చీకట్లో, వెచ్చగా పెరగాల్సిన రోజుల్లో మీరు వెలుతుర్లో, చప్పుళ్ళలో, సూదుల మధ్య పెరిగారు. అప్పటికి మీ మెదడు ఇంకా పిందె. పైదేశాల్లో ఇట్టాంటి పిల్లల్ని పెద్దయ్యేదాకా చూస్తూ వచ్చారు. భయం, దిగులు, బిడియం వీళ్ళలో కాస్త ఎక్కువగా ఉంటున్నాయని తేలింది. అందరిలో కాదు. ఆ కబడ్డీ కుర్రాణ్ణి చూశారుగా, మైకులో ఎట్టా గర్జించాడో! కారణం ఇదొక్కటే అని కూడా నేను చెప్పలేను. కానీ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఇది పొగరు కాదు, గాలీ కాదు, దేవుడి మీద నమ్మకం తక్కువై కూడా కాదు. దీనికి వైద్యం ఉంది."

"పోతుందా అండీ?" అంది దివ్యశ్రీ. అడిగింది తనేనని ఆ తర్వాత గాని తెలీలేదు.

"పూర్తిగా మాయమవుద్దని మాటివ్వను. నీ మాట వినేంత తగ్గుతుంది."

పైన తలుపు దబ్బున తెరుచుకుంది. "దివ్యా! ఇక్కడున్నావా! హాలంతా గాలిస్తున్నా!" అంకమ్మ ఆయాసపడుతూ దిగబోయి, డాక్టరమ్మని చూసి ఆగిపోయింది. సరోజ ఆమెనీ కూర్చోబెట్టి, అదంతా మళ్ళీ చెప్పింది. వింటున్నకొద్దీ అంకమ్మ ముఖంలో పొద్దుటి వెలుగు తగ్గుతూ వచ్చింది.

"అయితే తప్పు నాదేనండీ," అంది చివరికి. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఏడో నెల దాకా తట్ట మోశాను. మా అత్త వద్దంటూనే ఉంది. అందుకే ముందొచ్చేసింది. ఇదిట్టా అవ్వడం నావల్లే. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు."

దివ్యశ్రీ తల్లి వైపు గిరుక్కున తిరిగింది. ప్రతి పెళ్ళిలో, ప్రతి రైలుపెట్టెలో గొప్పగా చెప్పుకునే ఆ కథ వెనకాల అమ్మ ఇది మోస్తోందా!

"మీ వాడలో తట్ట మోసేవాళ్ళు ఇంకా ఉన్నారామ్మా?" అడిగింది సరోజ.

"అందరం మోస్తామండీ."

"అందరికీ ఏడో నెలలోనే పుడుతున్నారా?"

"లేదండీ. మా తోటికోడలికి ముగ్గురూ నెలలు నిండాకే..."

"మరి? ఈ పిల్ల ఎందుకు ముందొచ్చిందో మాక్కూడా తెలీదు. తప్పు మీది మాత్రం కాదు. ఆ గాలివానలో గుండెలకి హత్తుకుని గుడివాడ దాకా తెచ్చారు చూడండి, అదీ మీరు చేసింది."

అంకమ్మ భోరుమంది. దివ్యశ్రీ ఆమెని పట్టుకుంటే ప్రియాంక కూడా వచ్చి ఇంకోవైపు పట్టుకుంది. తనెవరో కూడా అంకమ్మకి అప్పటికింకా తెలీదు. తెలిశాక కళ్ళు తుడుచుకుని, "నువ్వూ కిలో లోపేనా తల్లీ! రొయ్యలు తింటావా?" అంది. అందరూ గొల్లున నవ్వారు.

కింది అంతస్తులో పసిపిల్లల గది ఉంది. దిగేటప్పుడు అద్దంలోంచి కనపడింది. గాజు పెట్టెలో ఎర్రగా, ముడతలు ముడతలుగా, గుప్పెడంత పిల్ల. పక్కటెముకలు లేచి పడుతున్నాయి. దివ్యశ్రీ అద్దానికి ముఖం ఆనించింది. నేనిట్టా ఉన్నానా!

బయట బల్ల మీద ఒక చిన్న వయసు తల్లి తల వంచుకుని కూర్చుంది. పక్కన ఆమె అత్తగారు. పెదపారుపూడి నుంచి వచ్చారట. పేరు సత్యవతమ్మ. ఆవిడ నర్సుతో అంటోంది. "బతుకుద్దనే అనుకుందామమ్మా. బతికి ఏం మనిషవుద్ది అంట? నడుస్తదా? చదువుద్దా? నాకదే బెంగ."

దివ్యశ్రీ గుండె మళ్ళీ మొదలుపెట్టింది. అరచేతులు చల్లబడ్డాయి. గొంతు మూసుకుపోతోంది. అన్నీ ఎప్పట్లాగే జరుగుతున్నాయి. కానీ ఈసారి కాళ్ళు వెనక్కి కాకుండా ముందుకి నడిచాయి. వల్లెవేసుకోడానికి వ్యవధి లేదు.

"నేను... నేనిట్టాగే ఉన్నానండీ," అంది.

అత్తాకోడళ్ళు తలెత్తారు.

"ఈ ఆస్పత్రిలోనే. కిలో లేను. నడుస్తున్నానండీ. ఇంటర్ చదువుతున్నా. లెక్కలంటే ఇష్టం. పడవ నడుపుతా."

ఆ తల్లి కళ్ళు ఇంతలేసి చేసుకుని, లేచొచ్చి, దివ్యశ్రీ చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా తడిమి చూసింది, నిజమా కాదా అన్నట్టు. సత్యవతమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నువ్వా? ఇంతేనా? అంతా బాగానే ఉన్నావామ్మా?"

ఊ అనేస్తే సరిపోయేది. కానీ దివ్యశ్రీకి నిజమే చెప్పాలనిపించింది.

"ఒంట్లో బాగుందండీ. భయమేసుద్ది నాకు. మనుషుల్లో మాట్లాడాలంటే. ఇప్పుడు కూడా వేస్తోంది, చూడండి చేతులు. అది జబ్బని ఇవాళే తెలిసింది. మీ పాప పెద్దయ్యాక ఎప్పుడైనా భయపడితే తిట్టకండి. ముందే డాక్టరుగారికి చూపించండి. అంతే. ఇంకేం కాదండీ."

ఆ తల్లి మొదటిసారి నవ్వింది. "నువ్వు చాలు నాకు," అంది. "మా పిల్ల నీ అంతయితే చాలు."

వెనక నుంచి ప్రియాంక దివ్యశ్రీ జడ పట్టుకుని గుంజింది. "ఏయ్! నువ్వేనా? మాట్లాడింది నువ్వేనా?"

ఆ సాయంత్రం బందరు రైల్లో అంకమ్మ ఎవరికీ ఏ కథా చెప్పలేదు. కూతురి భుజం మీద తలపెట్టుకుని కౌతవరం రాకముందే నిద్రపోయింది. దివ్యశ్రీకి మాత్రం కూర్చోబుద్ధి కావడం లేదు. లేచి తలుపు దగ్గర నిలబడాలని, ఎవర్నో ఒకర్ని పిలిచి ఇవాళ ఏం జరిగిందో తెలుసా అని చెప్పాలని ఉంది.

మర్నాటికే అంతా చక్కబడిపోలేదు. దివ్యశ్రీ వారం తప్పి వారం గుడివాడ వెళ్ళొచ్చేది, మొవ్వ నుంచి ప్రియాంకా వచ్చేది. సరోజ రోజుకో చిన్న మాత్ర రాసింది, ఇంటికి చిన్న చిన్న పనులిచ్చింది. బస్సులో టికెట్టు తనే అడగాలి. కొట్లో తప్పు సరుకిస్తే తనే వెనక్కివ్వాలి. అన్నిటికన్నా కష్టమైన పని అంకమ్మకి పడింది. కూతురి బదులు తను మాట్లాడకూడదు. కొట్టువాడు "ఏం కావాలమ్మా" అన్నప్పుడు అంకమ్మ పెదాలు బిగబట్టుకుని పడే అవస్థ చూసి దివ్యశ్రీకి నవ్వాగేది కాదు. ఆ నవ్వులోనే మాట బయటికొచ్చేసేది. బంగార్రాజు మొదట్లో గొణిగాడు, పిచ్చి మాత్రలంటారని. ఒకసారి తనే వెంట వెళ్ళి సరోజతో మాట్లాడి వచ్చాక, తాయెత్తు తనే విప్పి అటక మీద పెట్టాడు. ఆదివారాలు ప్రియాంక రాము నంబరుకి ఫోను చేసేది. "ఈ వారం మినప్పప్పు వెనక్కిచ్చేశానే!" అని అటునుంచి అరుపు. ఇటునుంచి ఇంకా పెద్ద అరుపు. రాము చెవులు మూసుకునేవాడు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు ల్యాబులో అందరూ చూస్తుండగా బీకరు జారి పగిలింది. దివ్యశ్రీ ఇంటికొచ్చి ఆ వారమంతా కాలేజీకి వెళ్ళలేదు. "అయిపోయిందే, మళ్ళీ మొదటికొచ్చా," అంది తనే ప్రియాంకకి ఫోను చేసి. "మొదటికి కాదే," అంది ప్రియాంక. "మొదట్లో నాకు ఫోను చేసేదానివా?"

ఫిబ్రవరిలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి బయటి కాలేజీ నుంచి ఒక లెక్చరరు వచ్చారు. సుందరరాజుగారు. మనిషి నిండుగా ఉంటారు, చూపు కరుకు. ఆయన మొదటి ప్రశ్న అడగ్గానే దివ్యశ్రీ గొంతు పట్టేసింది. జవాబు తెలుసు. కళ్ళ ముందు రాసినట్టు కనపడుతోంది కూడా. ఆయన పెన్ను మార్కుల కాగితం మీద వాలబోయింది.

"సార్," అంది దివ్యశ్రీ. "నాకు కొంచెం టైమివ్వండి సార్. జవాబు తెలుసు. భయమేస్తోంది."

పక్క బల్ల దగ్గర పిల్లలు తలలు తిప్పారు. సుందరరాజుగారు పెన్ను మూత పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలారు. "తీసుకోమ్మా. నాకేం రైలు లేదు," అన్నారు. ఆ కరుకు మనిషి దగ్గర్నుంచి అంత మెత్తటి మాట! దివ్యశ్రీ ఊపిరి పీల్చి వదిలింది, సరోజ నేర్పినట్టు. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఆయన అడగనిది కూడా చెప్పేసింది.

పరీక్షలైపోయాక, ఏప్రిల్లో, ప్రియాంక ఒక పెద్ద ప్రతిపాదన పెట్టింది. వాళ్ళ మేనమామ ఏసుబాబుది నాగాయలంక, దివిసీమ కొస. ఆయనకి నాటు పడవుంది. ఇద్దరమే వెళ్దాం, పెద్దవాళ్ళు లేకుండా! అంకమ్మ ఆ రోజంతా ఏమీ తినలేదు. చివరికి "వెళ్ళు" అంది. ఆ ఒక్క మాటకి ఆమె ఎంత బలం కూడగట్టుకుందో దివ్యశ్రీ చూసింది.

బందరు నుంచి తను, మొవ్వ నుంచి ప్రియాంక వచ్చి చల్లపల్లి బస్టాండులో కలుసుకోవాలి. దివ్యశ్రీ దిగేసరికి ప్రియాంక పాలిపోయిన ముఖంతో, మొవ్వ వైపు వెళ్ళే బస్సు ముందు నిలబడుంది.

"నేను వెనక్కెళ్ళిపోతానే. గ్యాసు కట్టలేదేమో. అమ్మావాళ్ళు కూడా ఊళ్ళో లేరు. కళ్ళ ముందు మంట కనపడుతోంది."

చుట్టూ జనం, హారన్లు, ఎండ. దివ్యశ్రీ గుండె కూడా దడదడలాడుతోంది. కానీ ఇద్దరిలో ఒకరు నిలబడాలి కదా.

"కట్టావా లేదా?"

"కట్టాననే అనుకుంటున్నా. ఒకసారి చూసి కూడా వచ్చా."

"ఒకసారి చూశావుగా. డాక్టరమ్మ ఏమంది? ఒక్కసారే అంది. రెండోసారి చూస్తే పదోసారీ చూడాల్సొచ్చుద్దంది. అవనిగడ్డ బస్సు కదుల్తోందే, ఎక్కు! మంట వస్తే నా మీద పోనీ!"

ప్రియాంక ఏడుస్తూనే ఎక్కింది. మోపిదేవి దాటేదాకా చెయ్యి వదల్లేదు. పులిగడ్డ దగ్గర నది మీదికి వచ్చేసరికి కిటికీలోంచి ఒక్కసారిగా గాలి కొట్టింది. ప్రియాంక కళ్ళు తుడుచుకుని బయటికి చూసి, "ఎన్ని నీళ్ళే!" అంది. అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు కండక్టర్ని అడిగింది దివ్యశ్రీ. సీటు కోసం పోట్లాడింది ప్రియాంక. ఎవరు ఏ పని చేయగలిగితే అది చేశారు.

నాగాయలంక రేవులో ఏసుబాబు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఇంట్లో అత్తయ్య కొరమేను పులుసు పెట్టింది. ముందు తింటారా, పడవెక్కుతారా?"

"పడవ!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

నది అక్కడ సముద్రమంత వెడల్పు. ఏసుబాబు తెడ్డు వేస్తుంటే దివ్యశ్రీ ఊరుకోలేకపోయింది. ఇటివ్వండి అని లాక్కుంది. తండ్రి నేర్పిన పట్టు. పడవ ముక్కు తిరిగి, పాయ మధ్యకి దూసుకుపోయింది. నీళ్ళు ఎగిరి ముగ్గురి మీదా పడ్డాయి. ప్రియాంక పడవ అంచు పట్టుకుని కెవ్వున అరిచింది, భయానికి కాదు. కళ్ళజోడు మీద నీటి చుక్కలు, నోరంతా నవ్వు.

"నీ ఫ్రెండు నోరు లేని పిల్లన్నావ్!" అన్నాడు ఏసుబాబు మేనకోడలితో. "నా తెడ్డు లాగేసుకుంది!"

దూరంగా మడ చెట్ల అవతల సముద్రం తెల్లగా మెరుస్తోంది. పొద్దు ఇంకా చాలా ఉంది. ఏసుబాబు ఇంక వెనక్కి తిప్పమని చెయ్యి ఊపబోతుంటే దివ్యశ్రీ గట్టిగా, రేవులో ఉన్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా అరిచింది.

"ఇంకొంచెం దూరం పోదాం మావయ్యా!"